ముద్దాయి

కోర్టు గుమ్మంలో వినబడే మాటలు చూడండి. ఫిర్యాదు, వకాల్తా, జామీను, వాయిదా, హాజరు, దస్తావేజు, జప్తు, రాజీ. అన్నీ మా ఇంటి మాటలే. అరబ్బీ ఫార్సీల్లో పుట్టి, ఉర్దూ మీదుగా తెలుగులోకి నడిచొచ్చినవి. తెనాలి, బాపట్ల, రేపల్లె - ఏ కోర్టు ఆవరణలోనైనా చెట్టు కింద కూర్చున్న మనిషి, ఏ కులంవాడైనా, వీటితోనే తన గోడు చెప్పుకుంటాడు. తెలుగుకి మీరేమిచ్చారని అడిగేవాళ్లకి మనం బిర్యానీ చూపించడం మానేసి ఇవి చూపించాలి.

వీటిల్లో ఒక మాట మాత్రం దారిలో తిరగబడింది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, నాకు అన్యాయం జరిగిందని వచ్చినవాడు. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు. దీనికి భాషాశాస్త్రజ్ఞులు ఏ కారణమైనా చెప్పనివ్వండి. తెనాలి తల్లి ఒకామె సంగతి తెలిశాక ఈ తిరగబడడంలో నాకు వింతేమీ కనబడడం లేదు.

ఆమె బిడ్డ పేరు రాయను. అత్యాచారానికి గురైన స్త్రీ పేరు అచ్చు వేయకూడదని చట్టం. పత్రికలన్నీ ఆ పేరుతోనే కేసుని పిలిచాయన్నది వేరే సంగతి. తెనాలి ముస్లిం కుటుంబంలోని అమ్మాయి, బి.ఫార్మసీ చదువుకోవడానికి వెళ్లింది. 2007 డిసెంబరు 27న విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో, తానుంటున్న ప్రైవేటు హాస్టల్లోనే శవమై కనిపించింది. 2008 ఆగస్టులో పోలీసులు ఒక ముద్దాయిని చూపించారు. నందిగామ వైపు పల్లెకి చెందిన పేద దళిత యువకుడు. ఇతను కాదని ఆ తల్లి అన్నది. ఒకసారి కాదు, ఆనాటి నుంచీ అంటూనే ఉంది. 2010 సెప్టెంబరు 29న విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు అతన్నే దోషి అన్నది. అప్పటికే అతను నరాల జబ్బుతో కాళ్లు పడిపోయి ఉన్నాడు. 2017 మార్చి 31న హైకోర్టు కేసు కొట్టేసి, దర్యాప్తు చేసిన పోలీసుల మీద చర్య తీసుకోమన్నది. లక్ష రూపాయలు పరిహారమివ్వమన్నది. ఎనిమిదేళ్ల పైచిలుకు జైలుకి అది వెల.

బిడ్డని పోగొట్టుకున్న మనిషి ఇతను కాదంటుంటే ఆ మాట కోర్టుకి ఎందుకు చేరలేదు? జడ్జీల మంచిచెడ్డల్లో దీనికి జవాబు దొరకదు. యంత్రం ఎలా నడుస్తుందో చూడాలి.

నేరంలో నష్టపోయేది మనిషి. కేసు మాత్రం రాజ్యానిది. ఫిర్యాదు ఎఫ్.ఐ.ఆర్. అయిన క్షణం నుంచీ ఫిర్యాది ఒక నెంబరు వేసిన సాక్షి. ముద్దాయి ఎవరో తేల్చేది పోలీసు. సాక్షుల వాంగ్మూలాలు రాసుకునేది పోలీసు. వాటి మీద సాక్షి సంతకం కూడా ఉండకూడదని చట్టమే చెబుతుంది. ఆ సంతకం లేని కాగితాలతో చార్జిషీటు కోర్టుకి పోతుంది. సెషన్స్ కోర్టులో కేసు నడిపేది పబ్లిక్ ప్రాసిక్యూటరు. ఫిర్యాది సొంత ప్లీడరుని పెట్టుకోవచ్చు. కానీ ఆయన పి.పి. చెప్పినట్టు నడుచుకోవాలి. సాక్ష్యం ముగిశాక, కోర్టు అనుమతిస్తే, రాతపూర్వకంగా నాలుగు మాటలు ఇచ్చుకోవాలి. ఇది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 301వ సెక్షను. 2024 జూలై 1న కోడ్ పేరు మారింది. ఈ ఏర్పాటు మారలేదు.

అసలు కిటుకు అప్పీల్లో ఉంది. చాలా పోరాడాక 2009 సవరణతో బాధితులకి అప్పీలు హక్కొచ్చింది. ముద్దాయిని వదిలేస్తే అప్పీలు చేసుకోవచ్చు. చిన్న నేరం కింద శిక్ష వేస్తే చేసుకోవచ్చు. పరిహారం తక్కువైతే చేసుకోవచ్చు. అంతే. మీరు వేరే మనిషికి శిక్ష వేశారు అని అప్పీలు చేసుకునే వీలు అందులో లేదు. బాధితురాలంటే ఎప్పుడూ ఇంకా ఎక్కువ శిక్ష కోరేదేనని చట్టం ఊహ. తన బిడ్డ పేరు మీద ఇంకొకరి బిడ్డని బలి చేయొద్దనే తల్లి ఒకతి ఉంటుందని ఆ రాసినవాళ్ల ఊహకి అందలేదు.

ఇక మన సంగతి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలితే హైదరాబాదు ముస్లిం కుర్రాళ్లని పట్టుకుపోయారు, కోర్టులు తర్వాత నిర్దోషులని వదిలేశాయి. దాని గురించి మనం రాశాం, రాయాల్సిందే. అదే ఏడు చివర్లో మన అమ్మాయి చనిపోతే, దళిత కుర్రాణ్ణి పట్టుకుపోతే, అది కూడా మన కథేనని ఎంతమందిమి అనుకున్నాం? మన ముస్లింవాద సాహిత్యంలో పోలీసున్నాడు. అనుమానపు చూపుంది. చార్జిషీటు లేదు, పి.పి. లేడు, వాయిదా లేదు. కోర్టు మెట్ల మీది మనుషుల్ని చూడాలంటే ఇప్పటికీ విశాఖపట్నం ప్లీడరు రావిశాస్త్రి దగ్గరికే పోవాల్సి వస్తోంది. బాధని కవిత చేసినంత శ్రద్ధగా ఆ బాధ కేసుగా మారే పద్ధతిని మనం చదవలేదు. ఈ విషయంలో దళితులు మనకంటే ముందున్నారు.

తెనాలి నుంచి బాపట్ల పోయే రైలు దారిలోనే ఉంది చుండూరు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని నరికి, గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. కోర్టు మా ఊళ్లోనే పెట్టాలని, ప్రాసిక్యూటరు మేం నమ్మినవాడై ఉండాలని దళితులు పట్టుబట్టారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నియమాల్లో, బాధితులు కోరితే పేరున్న సీనియర్ న్యాయవాదిని పెట్టే వీలుంది. బి. చంద్రశేఖర్ ప్రత్యేక ప్రాసిక్యూటరు అయ్యారు. 2007 జూలై 31న ఆ ఊరి కోర్టులోనే 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. తీర్పు చెప్పిన జడ్జి పేరు అనీస్. ఒక ముస్లిం స్త్రీ. మనవాళ్ల సభల్లో ఈ సంగతి నేనెప్పుడూ వినలేదు.

గెలిచారని కాదు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. చుండూరు తీర్పుకే పదహారేళ్లు పట్టింది, అది ఏడేళ్లకి పోయింది. అయినా తేడా ఉంది. చుండూరులో ప్రాసిక్యూటరు నోట బాధితుల మాట పలికింది. తెనాలి తల్లి మాట పలకడానికి ఆ కోర్టులో చోటే లేదు.

ఆమె కోర్టు బయటే పోరాడింది. 2018లో హైకోర్టు కొత్తగా దర్యాప్తు వేయించింది. తీరా చూస్తే విజయవాడ కోర్టులో దాచాల్సిన కేసు ఆధారాలు ధ్వంసమైపోయాయి. కేసు సి.బి.ఐ.కి వెళ్లింది. కాగితాలు పోయాయి, వస్తువులు పోయాయి. ఇక మిగిలింది తెనాలి ఖబరస్తాన్‌లో మట్టి కింద ఉన్నదే. ఒకసారి మట్టి కప్పాక ఖబర్ మళ్లీ తవ్వడం మనలో ఎంత కష్టమైన మాటో ఈ పుస్తకం చదివే ముస్లింలకి చెప్పక్కర్లేదు. 2019 డిసెంబరులో తవ్వారు. పన్నెండేళ్ల తర్వాత. ఆ తల్లిదండ్రులు దానికీ ఒప్పుకున్నారు.