గది ఇరుకైతే తుపాకీ బరువెక్కుతుంది

విశాఖదత్తుడి సంస్కృత నాటకం ‘ముద్రారాక్షసం’ రెండో అంకంలో గూఢచారి విరాధగుప్తుడు నందుల మంత్రి రాక్షసుడికి ఓ ఉదంతం చెబుతాడు. చంద్రగుప్తుడి పడకగది గోడ సొరంగంలో హంతకులు నక్కి ఉన్నారు. గోడ పగులులోంచి చీమలు మెతుకులు మోసుకురావడం చాణక్యుడి కంటపడింది. లోపల మనుషులున్నారని పసిగట్టి గదికి నిప్పు పెట్టించాడు. చాణక్యుడి చురుకుదనం చూపడం విశాఖదత్తుడికి ముఖ్యం. గోడలో కూర్చున్నవాళ్లు ఏమనుకుంటున్నారో ఆయనకు అక్కర్లేదు. ఇరవయ్యో శతాబ్దపు గూఢచారి కథ ఆ గోడ లోపలికే దూరింది.

జెఫ్రీ హౌస్‌హోల్డ్ నవల ‘రోగ్ మేల్’ 1939లో వచ్చింది. ఐరోపా నియంత ఒకడికి రైఫిల్ గురిపెట్టి దొరికిపోయిన వేటగాడు, చిత్రహింసలు పడి తప్పించుకుని, ఇంగ్లండ్‌లోని డార్సెట్‌లో నేల తవ్వుకుని దాక్కుంటాడు. సరదాకి గురి చూశానంతే, చంపాలని కాదు అంటాడు. వెంటాడి వచ్చిన శత్రువు ఆ బొరియ మూసేసి, గాలి వచ్చే కంత దగ్గర కూర్చుని, బ్రిటిష్ ప్రభుత్వమే పంపిందని సంతకం పెట్టమంటాడు. ఒళ్లు కదపడానికి చోటు లేని ఆ మట్టిలో వేటగాడికి తన సాకు తనకే నిలవదు. అతను ప్రేమించిన మనిషిని ఆ నియంత మనుషులే పొట్టన పెట్టుకున్నారు. అతను వెళ్లింది చంపడానికే. కథ చెప్పేది అతనే కాబట్టి, అతను తనని తాను మభ్యపెట్టుకున్నంతకాలం మనమూ మోసపోతాం. ఇక్కడి ఉత్కంఠలో సగం ఆ కథనం నుంచే పుడుతుంది.

సార్త్ర్ నాటకం ‘డర్టీ హ్యాండ్స్’ 1948లో పారిస్‌లో రంగస్థలమెక్కింది. కమ్యూనిస్టు పార్టీ నాయకుడు హోడెరర్ విధానం నచ్చని పార్టీవాళ్లే, అతన్ని చంపమని యువకుడు యూగోని అతని దగ్గరే సెక్రటరీగా చేరుస్తారు. ఈ ఎత్తుగడలోనే నాటకం బలం ఉంది. దూరం నుంచి కాల్చేవాడికి అవతలివాడు గురి మాత్రమే. రోజూ అతని కాగితాలు చూసేవాడికి అతని మాటతీరు, అలసట, మంచితనం తెలిసిపోతాయి. దాచాల్సిన రివాల్వర్ ఒకటి ఉండటంతో మామూలు సోదా కూడా ఊపిరి బిగబట్టిస్తుంది. ఒక దృశ్యంలో, యూగో ఎందుకొచ్చాడో తెలిసే, హోడెరర్ కాఫీ కలుపుతూ అతనికి వీపు చూపిస్తాడు. కాల్చడానికి అంతకంటే మంచి అదను దొరకదు. యూగో చెయ్యి లేవదు.

తర్వాత కాలుస్తాడు, తన భార్యని హోడెరర్ ముద్దుపెట్టుకోవడం చూసిన క్షణంలో. అది అసూయా, ఆదేశమా? అతనే తేల్చుకోలేడు. అతను జైలు నుంచి తిరిగొచ్చేసరికి పార్టీ పంథా మార్చుకుంది. హోడెరర్ విధానమే ఇప్పుడు పార్టీ విధానం. అసూయతో చంపానంటే బతకనిస్తారు. అలా ఒప్పుకుంటే హోడెరర్ ఏ విలువా లేని చావు చచ్చినట్టవుతుందని యూగో ఆ దారి కాదంటాడు.

హంతకుడు ఎలా తప్పించుకుంటాడన్న ప్రశ్నతో మొదలయ్యే థ్రిల్లర్లు కోకొల్లలు. ఈ ఇరుకు కథల్లో తప్పించుకునే దారి ముందే మూసుకుపోతుంది కాబట్టి, ఎందుకు చంపాడన్నది తేలేదాకా కథ వదలదు. చంపమన్నవాళ్లు రేపు మాట మార్చుకోవచ్చు. చంపినవాడికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. రాజకీయ హత్యను ఇంత దగ్గరగా తూచి చూపడమే ఈ సంప్రదాయం విలువ.