అరువు తెచ్చుకున్న మ్యాక్ అడ్రస్‌లు

సర్వర్‌లో కొత్త వర్చువల్ మెషిన్ ఒకటి స్టార్ట్ చేయగానే, అప్పటిదాకా బాగా నడుస్తున్న నెట్‌వర్క్ కాసేపు ఆగిపోతుంది. కేబుల్ ఊడలేదు, ఐపీ మారలేదు. మారింది బ్రిడ్జి మ్యాక్ అడ్రస్. లైనక్స్‌లో బ్రిడ్జికి సొంత హార్డ్‌వేర్ ఉండదు. అడ్మిన్ ప్రత్యేకంగా ఇవ్వకపోతే, తనకు తగిలించిన పోర్టుల మ్యాక్‌లలో అన్నిటికన్నా చిన్నదాన్ని తనదిగా పెట్టుకుంటుంది. అంతకన్నా చిన్నది ఉన్న పోర్టు వచ్చి చేరితే దానికి మారిపోతుంది. పక్క మెషిన్ల ఏఆర్‌పీ పట్టికల్లో మాత్రం పాత అడ్రసే ఉంటుంది.

దీనికి లిబ్‌వర్ట్ వాడే ఉపాయం చూడముచ్చటగా ఉంటుంది. కేవీఎం గెస్ట్ లోపల మ్యాక్ సాధారణంగా 52:54:00తో మొదలవుతుంది. అదే గెస్ట్‌కు హోస్ట్ వైపున్న, బ్రిడ్జికి పోర్టుగా తగిలించే ట్యాప్‌ను చూస్తే మిగతా అంకెలన్నీ అవే, మొదటి బైటు మాత్రం ఎఫ్ఈ. మల్టీకాస్ట్ కాని మ్యాక్‌లో మొదటి బైటు అంతకన్నా పెద్దది కాలేదు. కాబట్టి చిన్నదెవరో తేల్చే పోటీలో ట్యాప్ నెట్‌వర్క్ కార్డును దాటి ముందుకు రాదు. కర్నెల్ జోలికి పోకుండానే పని అయిపోయింది.

48 బిట్ల మ్యాక్‌లో మొదటి 24 బిట్లు, తెలుగువాళ్ల ఇంటిపేరులాగా, ముందే వచ్చి ఏ తయారీదారు కార్డో చెబుతాయి. మొదటి బైటులో కుడి నుంచి రెండో బిట్ 1 అయితే మాత్రం ఆ వంశంతో సంబంధం లేదు, అడ్రస్ స్థానికంగా పుట్టించినదని అర్థం. 52లోనూ ఎఫ్ఈలోనూ ఆ బిట్ 1 గానే ఉంటుంది.

బాండింగ్‌ది వేరే దారి. సాధారణంగా మొదట చేరిన కార్డు అడ్రస్‌ను బాండ్ తీసుకుని మిగతా కార్డులకూ అదే తొడుగుతుంది. అసలు అడ్రస్‌లు ఎక్కడికీ పోవు. ఈథ్‌టూల్‌ను అడిగితే చెబుతుంది, బాండ్ నుంచి విడదీయగానే ఎవరిది వారికి తిరిగొస్తుంది. మ్యాక్ మార్చనివ్వని ఇన్ఫినిబ్యాండ్ లాంటి చోట్ల బాండే తన అడ్రస్ మార్చుకుంటూ పోవాలి.

వీల్యాన్ కింది కార్డు అడ్రస్‌నే అరువు తెచ్చుకుంటుంది. వేరేది ఇస్తే, ఆ అడ్రస్‌కు వచ్చే ఫ్రేములను కూడా లోపలికి రానివ్వమని కింది కార్డుకు చెప్పి పెట్టాలి. మ్యాక్‌వీల్యాన్ బతుకంతా దీనిమీదే. కార్డు ఫిల్టర్ పట్టిక నిండితే ప్రామిస్క్యుయస్ మోడ్‌లోకి వెళ్లి దారినపోయే ప్రతి ఫ్రేమునూ తీసుకోవాల్సిందే.

2019లో సిస్టమ్‌డీ ఇందులో తలదూర్చింది. బ్రిడ్జిల వంటి వర్చువల్ పరికరాలకు కూడా, మెషిన్ ఐడీ, పరికరం పేరు కలిపి లెక్కగట్టిన స్థిరమైన మ్యాక్ ఇవ్వసాగింది. ఉద్దేశం మంచిదే. కానీ ఏ అడ్రస్ ఎలా వచ్చిందో కర్నెల్ రాసిపెట్టుకుంటుంది: 0 అయితే ఫ్యాక్టరీది, 1 యాదృచ్ఛికం, 2 మరో పరికరం నుంచి తీసుకున్నది, 3 బయటి నుంచి పెట్టినది. సిస్టమ్‌డీ పెట్టగానే 3 పడుతుంది, బ్రిడ్జి ఇక పోర్టుల వైపు చూడదు. కార్డు మ్యాక్ మీద డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెట్టుకున్న చోట సర్వర్‌కు వేరే ఐపీ వచ్చేది. పాత పద్ధతే కావాలనుకున్నవాళ్లు ఆ బ్రిడ్జికి లింక్ ఫైలులో మ్యాక్ అడ్రస్ పాలసీని ‘నన్’ చేసుకుంటున్నారు.