చేపలూ చిప్సూ, ఒక చిన్న అబద్ధం

మన ప్రవాస సంకలనాల్లో తిండి గురించి ఎవరు ఏం రాసినా మూడో పేరాకల్లా అది అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోతుంది. నేనూ అలాంటివి రెండు రాశాను, కాదనను. ఈసారి మాత్రం అమ్మని ఇబ్బంది పెట్టకుండా, ఒక దుకాణం మంచిదో కాదో ఎలా తేల్చాలన్న ఒక్క విషయమే రాద్దామని కూర్చున్నాను. ఇలా కూర్చోవలసి రావడానికి కారణం నేనాడిన ఒక అబద్ధం.

హమ్రియా తెలియనివారికి రెండు మాటలు. మస్కట్‌లో రూవిని ఆనుకుని, రాతికొండల నడుమ ఇరుకుగా ఉండే పేట. డ్రైవర్లు, టైలర్లు, భవనాల పనివాళ్ళు, దుకాణాల్లో లెక్కలు రాసేవాళ్ళు - ఎవరిని కదిపినా ఇండియానో, పాకిస్తానో, బంగ్లాదేశో. క్లయింటు ఆఫీసుకి దగ్గరని నేనిక్కడ ఫ్లాటు తీసుకున్నాను. తర్వాత క్లయింటు మారాడు గానీ నేను ఫ్లాటు మారలేదు. "సాఫ్టువేరు కన్సల్టెంటువి, నీకు హమ్రియాలో ఏం పనయ్యా?" అని కుర్మ్ వైపు ఉండే మిత్రులు అడుగుతూనే ఉంటారు. రాత్రి పదకొండింటికి కూడా వేడిగా పరోటా దొరుకుతుందంటే వాళ్ళకి అర్థం కాదు.

మా వీధి చివర ఒక మలయాళీ హోటలుంది. పేరు చెప్పను. అందులో నూనె మూకుడు దగ్గర నిలబడేవాడు మన కోనసీమ కుర్రాడు, రాజోలు వైపువాడు. నన్ను 'అన్నయ్యగారూ' అంటాడు. కిందటేడు వాళ్ళ యజమానికి ఒక ఆలోచన వచ్చి, గోడమీది బోర్డులో కొత్త వరస రాయించాడు: ఫిష్ అండ్ చిప్స్, 1 రియాల్ 800 బైసాలు. ఆ పేటలో ఆ డబ్బుకి ఇద్దరు కడుపునిండా భోంచేయొచ్చు. మొదటి ప్లేటు మా తమ్ముడు నా ముందు పెట్టి, చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "ఇంగ్లండులో తిన్నోరు కదండీ. ఎలాగుందో సెప్పండి అన్నయ్యగారూ."

"అచ్చం అక్కడిలాగే ఉంది తమ్ముడూ" అన్నాను.

అక్కడిలాగా లేదు. ఎక్కడిలాగానూ లేదు. కానీ ఆ మాట పట్టుకుని అతను యజమానికి భరోసా ఇచ్చాడు, యజమాని ఫ్రోజెన్ చేప పెట్టెలకు పెట్టెలు తెప్పించాడు. నెలన్నరకి అవి ఫ్రీజరులో అలాగే ఉన్నాయి. పెంచుతానన్న జీతం సంగతి యజమాని మళ్ళీ ఎత్తలేదట. ఇదంతా అతను ఫిర్యాదులా కూడా చెప్పలేదు, పరోటా పిండి కొడుతూ మాటల్లో అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక మనిషి నా తీర్పు అడిగితే మర్యాద ఇచ్చి పంపించాను.

ఆ తీర్పు ఇప్పుడు చెబుతాను. ముందు నా అర్హత చెప్పుకోవాలి.

2006 నుంచి రెండేళ్ళు లీడ్స్‌లో ఒక ప్రాజెక్టు మీద ఉన్నాను. ఆ ఊరి పక్కన గైజ్‌లీలో హారీ రామ్స్‌డెన్ అనే ఆయన 1928లో ఒక చెక్క గుడిసెలో చేపలు వేయించడం మొదలుపెట్టి, 1931లో షాండ్లియర్లూ తివాచీలూ ఉన్న పెద్ద భవనంలోకి మారాడు. నేను వెళ్ళినప్పటికి అది ఇంకా ఆయన పేరు మీదే ఉండేది, 2012లో చేతులు మారింది. చూడవలసినదే. కానీ దీపాల కింద కూర్చుని తిన్న చేప గురించి నాకు దీపాలే గుర్తున్నాయి. చేప గుర్తున్నది మా వీధి మూల దుకాణంలో. హాంకాంగ్ నుంచి వచ్చిన దంపతులు నడిపేవారు. బోర్డుమీద ఆరో ఏడో పేర్లు, అంతే. అడిగాక ఆవిడ "ఆరు నిమిషాలు" అనేది. ఆరు నిమిషాలే పట్టేది. ఎవరూ అడగకముందే వేయించి గాజు పెట్టెలో దీపం కింద పెట్టడం ఆ దుకాణంలో దాదాపు ఉండేది కాదు. మా కంప్యూటరు భాషలో చెప్పాలంటే వాళ్ళకి 'క్యాష్' మీద నమ్మకం లేదు. పాతబడ్డ డేటా వేగంగా ఇచ్చేకంటే తాజాది కాస్త ఆలస్యంగా ఇవ్వడం మేలనుకునేవారు. చాలామంది ప్రోగ్రామర్లకి ఈ ఇంగితం ఉండదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. అక్కడ మూడు నెలలు తిన్నాక తెలిసింది, యార్క్‌షైరులో చాలా దుకాణాలు వేయించేది నూనెలో కాదు, గొడ్డు కొవ్వులో అని. అక్కడివాళ్ళకి అది తరాల ఆచారం, దాచిపెట్టిన రహస్యమేమీ కాదు, అడగకపోవడం నా తప్పు. తర్వాత బస్సెక్కి మరీ నూనెతో వేయించే దుకాణానికి వెళ్ళేవాణ్ణి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడిది చదివి తెలుసుకుంటారు. అయితే విమర్శ రాస్తున్నాను గనక నిజం చెప్పాలి: మూల దుకాణంలో ఉన్న కరకర బస్సెక్కి వెళ్ళిన చోట లేదు.

సరే, ఇంతకీ అసలు ఇది ఇంగ్లీషువాళ్ళ వంటేనా? పిండిలో ముంచి నూనెలో వేయించిన చేపని ఇంగ్లండుకి తీసుకెళ్ళింది స్పెయిన్, పోర్చుగల్‌ల నుంచి తరిమివేయబడ్డ యూదులని చరిత్రకారుల మాట. 1838 నాటికే డికెన్స్ 'ఆలివర్ ట్విస్ట్'లో వేపుడు చేపల కొట్టు ప్రస్తావన ఉంది. బంగాళాదుంప దక్షిణ అమెరికాది. ఈ రెంటినీ ఒకే కాగితంలో మొదట చుట్టింది 1860 ప్రాంతంలో లండన్‌లో జోసెఫ్ మాలిన్ అని కొందరు, 1863లో మాస్లీలో జాన్ లీస్ అని కొందరు ఇప్పటికీ తగువులాడుకుంటారు. మాలిన్ కూడా యూదుడే. ఆ తర్వాత ఇటలీవాళ్ళు, సైప్రస్ గ్రీకులు, చైనావాళ్ళు ఆ దుకాణాలు నడిపారు. రెండో ప్రపంచయుద్ధంలో దాదాపు అన్నిటికీ రేషను పెట్టిన ప్రభుత్వం దీన్ని మాత్రం ముట్టుకోలేదు. కాబట్టి కోనసీమవాడు మలయాళీ హోటల్లో దాన్ని వండడంలో వింతేమీ లేదు, మరో వలస చెయ్యి, అంతే. హమ్రియాలో ఆ వంట కుదరకపోవడానికి కారణం అది పరాయిది కావడం కాదు.

కారణం చెప్పాలంటే మన బజ్జీల బండి దగ్గరకి రావాలి. మిరపకాయ బజ్జీ తెలిసినవాడికి ఇంగ్లీషు చేప గురించి కొత్తగా నేర్పేది చాలా తక్కువ. శనగపిండి బదులు గోధుమపిండి, మిరపకాయ బదులు ముల్లు తీసిన చేప. పిండి చల్లగా, నూనె బాగా వేడిగా ఉండాలి, 180 డిగ్రీల దరిదాపుల్లో. వేసిన క్షణంలో పైన పిండి గట్టిపడి డొల్లలా అవుతుంది. లోపల చేప నూనె తగలకుండా, తన నీటి ఆవిరితోనే ఉడుకుతుంది. అంటే చేప వేగడం లేదు, వేగుతున్నది పిండి. ఈ ఒక్క మాట అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే వస్తాయి. మూకుట్లో ఒకేసారి ఎక్కువ ముక్కలు వేస్తే నూనె చల్లారి, పిండి దాన్ని పీల్చుకుంటుంది. చేపలో నీరు మరీ ఎక్కువుంటే ఆ ఆవిరి బయటికి వచ్చి డొల్లని లోపలినుంచి నానబెడుతుంది. వేయించాక మూత పెట్టినా అదే గతి. బజ్జీలని కాకినాడలో కాగితంలో పొట్లం కట్టి పైన తెరిచి ఇచ్చేవాడు, ప్లాస్టిక్ డబ్బాలో మూతపెట్టి ఇవ్వలేదు. ఆ బండివాడు ఏ కాలేజీలోనూ చదవలేదు.

ఇక హమ్రియా ప్లేటు. అందులో చేప వియత్నాం నుంచి గడ్డకట్టి వచ్చిన బాసా. అదే జాతి చేపని మన గోదావరి జిల్లాల చెరువుల్లో కూడా టన్నులకొద్దీ పెంచుతారు, తమ్ముడికి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. చవక, ముల్లుండదు, వాసన ఉండదు, చెప్పుకోవాలంటే రుచీ ఉండదు. కరిగితే నీళ్ళు. ఆ నీళ్ళే డొల్లని పాడుచేశాయి. చిప్సూ ఫ్రోజెన్ సంచీలోవే. పైగా ప్లేటు మీద కెచప్ పువ్వు. ఇదంతా ఎక్కడ? కారులో నాలుగడుగులు వేస్తే మత్రాహ్ రేవు. 2017లో అక్కడ కొత్త చేపల మార్కెట్టు కట్టారు, నార్వే ఆర్కిటెక్టుల పని, అలలాంటి తెల్లటి చూరు. దాని కింద తెల్లవారేసరికి వంజరం, హమూరు, ట్యూనా, కవళ్ళు పరిచి ఉంటాయి. ఆ సముద్రం పక్కన కూర్చుని మేం వియత్నాం నీళ్ళు తిన్నాం.

అదే హోటల్లో అదే మనిషి అదే మూకుడు పక్కన, పెనం మీద వేయించే వంజరం ముక్క తింటే నా మాట మీకు తెలుస్తుంది. కారం, పసుపు, మిరియం, అల్లంవెల్లుల్లి, కరివేపాకు. వేలెడు మందం ముక్క, అంచు నల్లబడి, మధ్యలో తెల్లగా రేకలు విడుతుంది. దాన్ని కూడా అడిగాకే వేస్తాడు, తొందరపెడితే "ఇంకా రెండు నిమిసాలండి" అంటాడు. లీడ్స్ ఆవిడ ఆరు నిమిషాలకి ఇది అక్కచెల్లెలు. అంటే గొప్ప చేపల దుకాణానికి కావలసిన మనిషి అక్కడ ముందే ఉన్నాడు. బోర్డు అతనికి అడ్డం వచ్చింది.

లీడ్స్ దుకాణంలో ఇంకో రెండు సంగతులు మరిచిపోలేను. ఒకరోజు 'ఇవాళ హాడక్ లేదు' అని అద్దానికి కాగితం అంటించారు. దాని బదులు ఇంకోటి తీసుకోమని ఎవరూ నన్ను బతిమాలలేదు. వేసవి మొదట్లో మరో కాగితం: కొత్త దుంపలు వచ్చాయి, కొన్నాళ్ళు చిప్స్ మామూలుగా ఉండవు, మన్నించండి అని. దుంపలో నీరూ చక్కెరా ఎంతున్నాయన్నదాన్ని బట్టి చిప్ లోపల పిండిలా ఉంటుందో మెత్తగా ముద్దవుతుందో, బంగారు రంగు వస్తుందో ముందే మాడుతుందో తేలుతుంది. మారిస్ పైపర్ లాంటి రకాలు ఎంచుకునేది అందుకే. సరుకు బాగాలేదని కొట్టువాడే గోడమీద రాసి పెట్టడం నేను అంతకుముందు చూడలేదు. ఒక దుకాణాన్ని గొప్పదనడానికి నా వరకు ఆ కాగితం చాలు. నూనె, పిండి, దుంప ఎవరైనా నేర్చుకోవచ్చు. లేదని చెప్పడానికి మాత్రం బేరం పోయినా ఫరవాలేదనే ధైర్యం కావాలి, అద్దె కట్టవలసినవాడికి అది తేలిక కాదని నాకు తెలుసు.

ఇదంతా ఆ కుర్రాడికి చెప్పాను. ఒక మధ్యాహ్నం, హోటలు ఖాళీగా ఉన్న వేళ. ముందు అబద్ధం సంగతి చెప్పాను. అతను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాకూ తెలుసండి. మీరు సగం ఒగ్గేశారు కదా ప్లేట్లో. అయినా మీరు బాగుందంటే ఏదో ఉంటాది, నాకు తెలవని రుచేమో అనుకున్నానండి" అన్నాడు.

ఈ మాట మీద నేను ఏ సమర్థనా చేసుకోలేకపోయాను.

ఫిష్ అండ్ చిప్స్ వరస బోర్డుమీద ఇప్పటికీ ఉంది. రంగు వేయించిన డబ్బు దండగని యజమాని చెరపనివ్వలేదు. కానీ బాసా పెట్టెలు అయిపోయాక మళ్ళీ తెప్పించలేదు. వారానికి మూడు రోజులు తెల్లవారుజామున మా తమ్ముడే హోటలు వ్యానులో మత్రాహ్ వెళుతున్నాడు. హమూరు దొరికితే చల్లటి పిండిలో ముంచి, రెండేసి ముక్కలే వేస్తాడు. ధర 200 బైసాలు పెరిగింది. చేప ఇప్పుడు బాగుంటుంది, ఇది నిజంగానే చెబుతున్నాను. చిప్స్ మాత్రం బాగుండవు. సంచీలోంచి వచ్చినవే, నూనె ఓడుతూ. దుంపలు తొక్క తీసి, కోసి, రెండుసార్లు వేయించడానికి అక్కడ మనుషులు లేరు. చిప్స్ వదిలేసి పరోటాతో తినమని నా సలహా, మాల్ట్ వినిగర్ అడక్కండి, నిమ్మకాయ పిండుకోండి. పార్సిలు మాత్రం కట్టించుకోకండి.

వంజరం వేపుడు కోసం వెళ్ళేవారు ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఒమాన్‌లో ఏటా ఆగస్టు 15 నుంచి అక్టోబరు 15 వరకూ వంజరం పట్టడం, అమ్మడం నిషేధం, అది గుడ్లు పెట్టి పెరిగే కాలమని. ఆ రెండు నెలలూ కొన్ని హోటళ్ళలో ఏదో ఒక చేప వంజరం పేరుతో ప్లేటులోకి వస్తుంటుంది. ఈసారి సెప్టెంబరులో ఒక గురువారం రాత్రి, వారాంతం గదా అని ఇద్దరు మిత్రుల్ని కుర్మ్ నుంచి మరీ పిలిపించి తీసుకెళ్ళాను. వంజరం ఎలాగూ లేదు, హమూరైనా పెట్టమన్నాను.

"అయిపోయిందండి అన్నయ్యగారూ" అన్నాడు. "ఫ్రీజరులో పాతముక్కలు రెండున్నాయి గానీ, మీకెట్టను."

ముగ్గురం గుడ్డు పొరుటూ పరోటా తిన్నాం. మిత్రులు దారంతా నన్ను తిట్టారు.