దేశి సరుకూ, మన సాహిత్య దృష్టీ

జహీరాబాదులో బి.ఎ. విద్యార్థులకు గురజాడ ‘దేశభక్తి’ గేయం చెబుతుండగా వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచి, “సార్, గీ పాటల బయటి సరుకు బందు చేయుమని ఏడుంది?” అని అడిగినాడు. అంతకు కొంచెం ముందే నేను ఆ గేయాన్ని స్వదేశీ ఉద్యమానికీ, విదేశీ వస్తు బహిష్కరణకూ ముడిపెట్టి, ఎనిమిదేళ్లుగా చెబుతున్న పాఠాన్నే ధారాళంగా చెప్పి ఉన్నాను. పుస్తకం మళ్లీ చూచుకొన్నాను. ఎక్కడా లేదు. వాళ్లకు నాలుగెకరాల కంది చేను ఉన్నది. అందువల్ల అతడికి తట్టిన ప్రశ్న ఎం.ఎ. చదివిన నాకు తట్టలేదు.

1910లో రాసిన ఆ గేయంలో గోడ లేదు, అంగడి ఉన్నది. కళలు నేర్చుకోవాలి, సరుకు తయారు చేయాలి, దానిని దేశదేశాలలో అమ్మి డబ్బు తేవాలి — ఇదీ గురజాడ చెప్పిన దేశభక్తి. 1905 నాటి బెంగాలు విభజన అప్పటికింకా రద్దు కాలేదు. 1907లో బిపిన్ చంద్ర పాల్ ఆంధ్రదేశంలో చేసిన ఉపన్యాసాల వేడి పూర్తిగా చల్లారలేదు. అటువంటి రోజులలో ఒక కవి బహిష్కరణ మాట పక్కన పెట్టి ఉత్పత్తి మాట ఎత్తుకోవడం సామాన్యమైన విషయం కాదు. మనం మాత్రం ‘స్వదేశీ ప్రబోధం’ అన్న ఒక్క ముక్కతో ఆ గేయాన్ని చాపచుట్టి అటకెక్కించాము.

అలాగని గురజాడను స్వేచ్ఛా వాణిజ్యవాదిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన చూడనిది, లేదా చూచీ చెప్పనిది ఒకటి ఉన్నది. ఆనాటి స్వేచ్ఛా వాణిజ్యంలో స్వేచ్ఛ ఎవరిది? లాంకషైరు మిల్లులకు పోటీ రాకుండా 1896లో మన మిల్లు బట్ట మీదనే నూటికి మూడున్నర వంతున ఎక్సయిజు సుంకం వేసినారు; అది 1925 దాకా సాగింది. మా హైదరాబాదు సంస్థానంలో కరోడ్‌గిరీ అనే సొంత సుంకాల శాఖ ఉండేది కాని, 1802 వాణిజ్య ఒడంబడిక పుణ్యమా అని నూటికి ఐదుకు మించి వేసే వీలు లేకపోయింది. మోకాలెత్తు గోడ! సుంకం వేసే అధికారమే చేతిలో లేని జాతిని, పోయి ప్రపంచంలో అమ్ముకు రమ్మనడంలో కొంత అమాయకత్వం లేకపోలేదు.

అధికారం దొరికినప్పుడు ఏమైనది? 1932లో చక్కెర పరిశ్రమకు రక్షణ సుంకం దొరికింది. జావా చక్కెర వెనక్కి తగ్గింది. ముప్పై చిల్లర ఉన్న చక్కెర మిల్లులు అయిదారేళ్లలో నూటముప్పై దాటినాయి. బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది ఆ దశకంలోనే. రక్షణ వల్ల పరిశ్రమ పెరగదనేవారు ఈ లెక్క చూడాలి. అయితే పంచదార కొనుక్కొనేవాడు ఆ గోడ కూలి చెల్లించాడన్నది కూడ లెక్కలో భాగమే.

మా ఊరి కథ ఇంకా ఆసక్తికరమైనది. లైసెన్సుల కాలంలో, 1980లలో, హైదరాబాదు ఆల్విన్ వారు జపాను నిస్సాన్ సహకారంతో జహీరాబాదులో చిన్న లారీల కర్మాగారం పెట్టినారు. 1989లో అది మహీంద్రా చేతికి పోయింది. 2013 నుంచి మహీంద్రా వారు ఇక్కడ ట్రాక్టర్లు కూడ చేస్తున్నారు. అదే గోడ చాటున పెరిగిన ఆల్విన్ ఫ్రిజ్‌లూ, గడియారాలూ గోడ తగ్గిన తర్వాత 1990లలో చెల్లాచెదరైనాయి. ఒకే తల్లి బిడ్డలలో ఒకడు బతికి, మరొకడు పోవడానికి కారణం గోడ ఎత్తు ఒక్కటే అయి ఉండదు. రక్షణ ఇచ్చేది గడువు. ఆ గడువులో ఏమి నేర్చుకొన్నారు, ఎవరికి నేర్పినారు అన్నది అసలు ప్రశ్న. గురజాడ గేయంలో ‘అమ్మడం’ కంటె ముందు ‘నేర్చుకోవడం’ వస్తుంది. మన విమర్శకు ఆనని వరుస అది.

ఇక మన కాలానికి వద్దాము. ప్రపంచీకరణ మీద వచ్చిన తెలుగు పాటలలో గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ (‘కుబుసం’, 2002) వంటిది మరొకటి లేదు. విన్నప్పుడల్లా నాకూ గొంతు పూడుకొంటుంది. కాని గొంతు పూడుకొన్నంత మాత్రాన విమర్శ మానుకోనక్కరలేదు. కమ్మరి కొలిమీ, కుమ్మరి వామూ పోయినందుకు ఆ పాట ఏడుస్తుంది. ఆ కొలిమిలో కులం కూడ కాలుతూ ఉండేదన్న సంగతి దుఃఖంలో కొట్టుకుపోతుంది. నా తరగతిలోని కుమ్మరి పిల్లవాడు సారె తిప్పుతానని ఏనాడూ అనలేదు. కర్మాగారంలో పర్మనెంటు ఉద్యోగం కావాలంటాడు. అతడికి పాట లేదు.

కంది రైతుకూ లేదు. 2021లో కందుల దిగుమతిని స్వేచ్ఛగా వదిలినారు. సుంకం లేని ఆ దిగుమతి గడువును 2025లో మరో ఏడాది పొడిగించినారు. మయన్మారు నుంచి, మొజాంబిక్ నుంచి, మలావీ నుంచి ఓడలు వస్తాయి. మన కవి ఈ వస్తువు తీసుకొంటే ఏమి రాస్తాడో ఊహించగలను: విదేశీ కంది రాక్షసి, స్వదేశీ రైతు కన్నీరు. ఆ మొజాంబిక్ కందిని పండించేవాడూ చిన్న రైతే అన్న మాట అభ్యుదయ సాహిత్యం కాకపోతే మరెవరు చెబుతారు? మన ప్రభుత్వం గేటు వేసిననాడు వాడి ఇంట్లో ఏమవుతుందో, తెరిచిననాడు మన ఇంట్లో ఏమవుతుందో, రెండూ ఒకే కథలో పట్టించగల రచయిత కోసం చూస్తున్నాను.

ఆ కుర్రవాడిని అతడి ప్రశ్న మీదనే వ్యాసం రాసి తెమ్మన్నాను. ఒక్క పేజీ తెచ్చినాడు. అందులో ఇలా ఉన్నది: “పుష్యంల కందులు అమ్ముతం, శ్రావణంల దుకాణంల పప్పు కొంటం. అమ్మేనాడు ధర పెరగాలంటడు నాయిన, కొనేనాడు తగ్గాలంటది అమ్మ. ఇద్దరూ ఒక్క ఇంట్లనే ఉంటరు.” దీనిని కథగా రాయమన్నాను. పరీక్షలు అయినంక రాస్తనన్నాడు.