పక్కకు పడితే

‘ముందే ఎముక విరిగి ఉంటుంది సార్, అందుకే పడిపోయింది’ అంటారు చాలామంది ఇళ్లవాళ్లు. అలా జరగడం అరుదు. తుంటి విరిగిన పెద్దవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా పడ్డాకే విరిగినవాళ్లు. అలాగని పడ్డ ప్రతిసారీ విరగదు. నూరుసార్లలో ఒకటో రెండోసార్లు, అంతే. ఎముక గుల్లబారడం ఒక్కటే దాన్ని తేల్చదు. ఎటు పడ్డారన్నదీ తేలుస్తుంది.

ఆపరేషన్ అయ్యాక మంచం దించి నిలబెట్టే ఫిజియోథెరపిస్టుగా నేను అడిగే మొదటి ప్రశ్న అదే. ‘కాలు జారింది’ అంటే నాకు చాలదు. గుచ్చి అడిగితే, ‘ఏం లేదు బాబూ, పొయ్యి మీంచి గిన్నె దించుకుని ఇటు తిరిగాను’ అంటారు. చకచకా నడిచేవాళ్లు తట్టుకుంటే ముందుకు పడతారు, మణికట్టు విరుగుతుంది. మెల్లగా నడిచేవాళ్లు, నిలబడి తిరిగేవాళ్లు పక్కకు ఒరుగుతారు. తుంటి పక్కన చేతికి తగిలే ఎముక బుడిపె నేరుగా నేలకు కొట్టుకుంటుంది. చెయ్యి అడ్డుపెట్టడానికి సెకను కూడా ఉండదు. ఆ చోట కాస్త కండ, కొవ్వు ఉంటే దెబ్బ కొంత తగ్గుతుంది. ఒళ్లు చేసినవాళ్లకు మా దగ్గర దొరికే ఒకే ఒక్క మెచ్చుకోలు ఇది.

ఎక్స్‌రేలో తొడ ఎముక మెడ చూడండి. నడకలో వేసే ప్రతి అడుగూ మెడ కింది అంచును నొక్కుతుంది, అక్కడ ఎముక మందంగా నిలుస్తుంది. పై అంచుకు అంత పని లేదు, వయసుతో పలచబడుతుంది. పక్కకు పడినప్పుడు భారం తిరగబడి, ఆ పలచటి అంచే నలుగుతుంది. నిలువెత్తు నుంచి పడే 60 కిలోల మనిషిలో సుమారు 400 జౌళ్ల శక్తి ఉంటుంది. ముసలి ఎముకను విరవడానికి అందులో చిన్న భాగం చాలు. మిగతాదంతా కండలు, చేతులు, మోకాళ్లు మింగాలి.

బాత్రూం టైల్స్‌ని అందరూ తిడతారు, తప్పేం లేదు. కానీ పడటానికి జారడం ఒక్కటే కారణం కాదు. కెనడాలో స్టీఫెన్ రాబినోవిచ్ బృందం వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో కెమెరాలకు చిక్కిన, మనుషులు పడిపోయిన 227 సంఘటనలను పరిశీలించి 2013లో ‘లాన్సెట్’లో ప్రచురించింది. శరీరం బరువును సరిగా మార్చుకోలేక పడ్డవి 41 శాతం, తట్టుకుని పడ్డవి 21 శాతం.

అందుకే నేను తిరగడం నేర్పుతాను. పాదం నేలకు అంటి ఉండగానే నడుం తిప్పేయడం మనందరి అలవాటు. అది మాని, నాలుగు చిన్న అడుగులు వేసి ఒళ్లంతా తిప్పమంటాను. ‘అలా తిరిగేలోపు పాలు పొంగిపోతాయి’ అందొక పెద్దావిడ. పొంగనీయండి అంటే ససేమిరా ఒప్పుకోలేదు. చివరికి కొడుకుతో చెప్పి గిన్నెల అరను పొయ్యి పక్కకే మార్పించుకుంది.