నవల నాటకమైనప్పుడు

చారిత్రక నవలను నాటకముగా మార్చువారు తరచుగా అందలి సంభాషణలను ఎత్తి వ్రాసి, పని ముగిసినదని తలంతురు. నవలాకర్త పాత్రల మనస్సులోని మాటను తానే చెప్పగలడు. నాటకకర్త కా వీలు లేదు. కుట్ర యంతయు ప్రేక్షకుని యెదుట చేష్టగా నడువవలెను.

విజయనగర చరిత్రము ఆదవాని, ఎమ్మిగనూరు వాసులకు పరాయిది కాదు. 1953 వరకు ఈ సీమ చేరియుండిన బళ్లారి జిల్లాలోనే కోలాచలము శ్రీనివాసరావుగారు రామరాజు చరిత్రమును నాటకముగా రచించిరి. అందలి పఠాను రుస్తుము పాత్రమున బళ్లారి రాఘవగారు మిక్కిలి ఖ్యాతి గాంచిరి.

ఆ రామరాజు అధికారమునకు వచ్చుటకు ముందటి కథ మరింత నాటకోచితము. 1542లో అచ్యుతరాయలు గతించిన పిమ్మట, బాలుడైన కుమారుని రక్షించుకొనుటకై రాణి వరదాదేవి తన సోదరుడగు సలకరాజు తిరుమలుని నమ్మక, బిజాపురపు సుల్తాను సాయము కోరెనని చరిత్రకారులు వ్రాసిరి. తుదకు బాలుడు మేనమామ చేతనే హతుడయ్యెను. ఇందు మతద్వేషమునకు తావేది? నవలలో ఆ తల్లి తలపోత పుటలకొలది సాగవచ్చును. రంగమున ఆమె దూతను పంపు క్షణమొక్కటి చాలును. దానిని విడిచి కత్తులను, కేకలను పెంచు నాటకము చరిత్రమును చెప్పదు, ఇరుగుపొరుగువారి నడుమ వైరమును మాత్రము పెంచును. నాటకకర్తలు ఈ బాధ్యతను గుర్తింతురుగాక.