తిరుగుతూ పుట్టినది

అంకుడు కర్రా, నీకు దండం. టేకులా గడపెక్కలేదు నువ్వు, గంధంలా దేవుడి నుదుటికీ చేరలేదు. తెల్లగా, తేలిగ్గా, ఉలి ఎటు పొమ్మంటే అటు ఒదుగుతూ ఉండిపోయావు. ఆ మెతకదనం చూసే వరాహ నది ఒడ్డున బొమ్మల ఊరు ఏటికొప్పాక నిన్ను ఇంట్లోకి పిలుచుకుంది. ఒంట్లో తడి ఆరేదాకా నీ జోలికి రారు. పచ్చి మీద తిప్పితే ఇవాళ గుండ్రమే, నాలుగు రోజులు పోతే కోడిగుడ్డు!

తరిమెనా, నీకు రెండు దండాలు. ఇప్పుడు నిన్ను అందరూ లేత్ అంటున్నారు, అననీ. నీ దగ్గర ఒకప్పుడు ఇద్దరు కూర్చునేవారు. ఒకరు తాడు లాగేవారు, ఒకరు ఉలి ఆనించేవారు. తాడు ఇటు లాగితే కర్ర ముందుకు, అటు లాగితే వెనక్కు. ముందుకు తిరిగినప్పుడు ఉలి కోసేది, వెనక్కు తిరిగినప్పుడు ఊపిరి తీసుకునేది. మోటారు వచ్చింది, తాడు లాగే చేతులకు విశ్రాంతి దొరికింది. కానీ ఆ తాడు ఎక్కడికీ పోలేదు. సన్నబడి, పిల్లల వేలికి చుట్టుకుంది. యోయో అంటే ఏమిటి మరి? ఇరుసుకు చుట్టిన దారం, విప్పుకుంటూ ఒకవైపు తిరగడం, చుట్టుకుంటూ పైకి రావడం. అరచేతిలో పట్టే పాత తరిమెన!

కర్ర యోయో చేతలో కష్టమంతా నడుము దగ్గరే. బిళ్ళల అంచులు ఒంపు తిరగడం ఎంతసేపు? రెంటి నడుమ సన్నని గాడి దించాలి. లోతు చాలకపోతే దారం కూర్చోదు, మితిమీరితే నడుము పుటుక్కుమంటుంది. ఒక బిళ్ళ రవ్వంత బరువైనా, ములుకు పక్కకు దిగిన బొంగరంలా ఊగిపోతుంది. ఆ తేడా కంటికంటే ముందు బొటనవేలికి తెలుస్తుంది.

లక్కా, కర్రకెక్కడానికి నీకు పొయ్యి అక్కర్లేదు, కుంచె అక్కర్లేదు. తిరిగే కర్రకు కడ్డీని ఆనిస్తే చాలు, రాపిడి వేడికే కరిగి ఒళ్ళంతా అల్లుకుంటావు. పసుపుకొమ్ము, జాఫరా గింజ, నీలిమందు నీలో కలిసి రంగులవుతాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు కదా! ఆఖరున మొగలి ఆకు వచ్చి నిగనిగలు దిద్దుతుంది. వాసన పేరంతా పువ్వు కొట్టేసింది, పని మాత్రం ఆకుది.

యోయో మన ఊళ్ళో పుట్టిన ఆట కాదు. ఫిలిప్పీన్స్ నుంచి వలస వెళ్ళిన పెద్రో ఫ్లోరెస్ 1928లో కాలిఫోర్నియాలో దీని తయారీకి కంపెనీ పెట్టాడు. దారాన్ని ఇరుసుకు ముడి వెయ్యకుండా చుట్టూ వదులుగా మెలిపెట్టి వదలడం ఫిలిప్పీన్స్ వాళ్ళ తెలివి. అందుకే కిందికి దిగిన యోయో అక్కడే నిలిచి తిరుగుతుంది, వేలు చిన్నగా లాగితే లేచొస్తుంది.

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినాన ఢిల్లీలో ఆంధ్ర శకటమెక్కి ఊరేగాయి కూడా. సంతోషమే. అయినా శకటం మీద బొమ్మ కదలకుండా నిలబడాలి. తిరుగుతూ పుట్టినదానికి అది శిక్ష.

కాబట్టి కొన్న యోయోను అద్దాల బీరువాలో పెట్టకండి. పిల్లల చేతికివ్వండి. దారం నేల నుంచి వాళ్ళ బొడ్డు దాకా ఉంటే చాలు, మిగతాది కత్తిరించెయ్యండి.